కారే వంటింటి కుళాయి: కారణం పట్టుకుని మీరే బాగుచేసుకునే పద్ధతి

కుళాయి కారుతోందంటే చాలామంది మొదట చేసే పని దాన్ని ఇంకాస్త గట్టిగా బిగించడం. ఆ పూటకు చుక్క ఆగుతుంది. నాలుగు రోజులు పోయాక మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకొంచెం బలం పెట్టాల్సి వస్తుంది. అలా బిగించిన ప్రతిసారీ లోపలున్న రబ్బరు వాషర్ ఇంకా నలిగిపోతుంది. కొన్నాళ్లకు వాషర్ వచ్చి కూర్చునే ఇత్తడి అంచు కూడా దెబ్బతింటుంది. చిన్న వాషర్ మారిస్తే బాగుపడే కుళాయిని చివరికి మొత్తంగా మార్చాల్సి వచ్చేది ఎక్కువగా ఇలాగే.

నిజానికి ఈ రిపేరు పెద్ద పని కాదు. కుళాయి విప్పడం, బిగించడం ఎవరైనా నేర్చుకోగలరు. అసలు కష్టం లీకు ఎక్కడో పట్టుకోవడంలో ఉంది. నీళ్లు పుట్టే చోటు ఒకటి, మనకు కనిపించే చోటు ఇంకొకటి. హ్యాండిల్ దగ్గర ఊరిన నీరు కుళాయి ఒంటి మీదుగా జారి, సింక్‌లో కుళాయి బిగించిన రంధ్రంలోంచి దిగి, కింద అలమరాలో మడుగు కడుతుంది. అది చూసి కింద పైపు మార్చేస్తారు. మడుగు మాత్రం మర్నాడు మళ్లీ అక్కడే ఉంటుంది. అందుకే పానా పట్టుకునే ముందు కాసేపు కూర్చుని చూడమని నేను గట్టిగా చెబుతాను. ఈ గైడ్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టి చదవాల్సిన భాగం కూడా అదే.

ఎంత నీరు పోతోందో కొలవండి

కారే మూతి కింద ఒక గ్లాసు పెట్టి పది నిమిషాలు ఆగండి. గ్లాసులో పడిన నీటిని మిల్లీలీటర్లలో కొలిచి 144తో గుణిస్తే రోజుకు ఎంత పోతోందో తెలుస్తుంది. పది నిమిషాలకు 50 మిల్లీలీటర్లు పడితే రోజుకు 7.2 లీటర్లు, ఏడాదికి 2,600 లీటర్ల పైమాటే. చూడ్డానికి ఒక్కో చుక్కే కదా అనిపించే లీకు ఇది. ఈ అంకె ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రిపేరు తర్వాత పోల్చుకోడానికి పనికొస్తుంది.

లీకు ఎక్కడుందో తేల్చడం

కుళాయి కట్టేసి, మొత్తాన్ని పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. మూతి, మెడ, హ్యాండిల్ చుట్టూ, సింక్‌కు ఆనే అడుగు భాగం, కింద అలమరాలో పైపులు, ఏదీ వదలొద్దు. తర్వాత టిష్యూ పేపర్ ముక్కలు తీసుకుని ఒక్కో చోట ఆనించి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద వెంటనే మచ్చలా తెలుస్తుంది. ఇది రెండు విడతలుగా చేయాలి. మొదట కుళాయి కట్టేసి ఉన్నప్పుడు, తర్వాత నీళ్లు ధారగా వదిలి ఉన్నప్పుడు. కొన్ని లీకులు నీళ్లు పారుతున్నప్పుడే బయటపడతాయి.

కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతుంటే లోపల నీటిని ఆపే భాగం పాడైనట్టు. అది వాషర్ కావచ్చు, కార్ట్రిడ్జ్ (కొన్ని కుళాయిల్లో వాషర్ బదులు ఉండే గుండ్రటి గుళిక) కావచ్చు. కట్టి ఉన్నప్పుడు అంతా పొడిగా ఉండి, తిప్పగానే హ్యాండిల్ కింద నుంచి నీరు ఊరితే స్పిండిల్ (హ్యాండిల్‌తోపాటు తిరిగే లోపలి కాడ) చుట్టూ నీరు రాకుండా కుక్కే ప్యాకింగ్ గానీ ఓ-రింగ్ (సన్నటి రబ్బరు రింగు) గానీ అరిగింది. అటూ ఇటూ తిరిగే గొట్టం మొదట్లో నీరు వస్తే అక్కడి ఓ-రింగులు చూడాలి. పైనంతా పొడిగా ఉండి సింక్ కింద మాత్రమే తడి ఉంటే కనెక్షన్ పైపుల సంగతి. కుళాయి మూతికి ఉండే జల్లెడ బిళ్ల పక్కల నుంచి నీరు చిమ్ముతుంటే ఆ బిళ్ల విప్పి, లోపలి చిన్న వాషర్ సరిచేసి, మళ్లీ తిన్నగా బిగిస్తే చాలు.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి. పొడవుగా పైకి లేచి వంగి ఉండే గొట్టమైతే, కట్టేసిన తర్వాత కూడా గొట్టంలో మిగిలిన నీరు కాసేపు చుక్కలుగా పడుతుంది. అది లీకు కాదు. అయిదు నిమిషాలు ఆగి, మూతి తుడిచి, అప్పుడు కూడా చుక్క తయారైతేనే లీకు అనుకోవాలి.

వేడి నీళ్లకు ఒకటి, చన్నీళ్లకు ఒకటి అని రెండు హ్యాండిళ్లున్న కుళాయి అయితే ఏ వైపు పాడైందో ముందే తేల్చేయొచ్చు. సింక్ కింద రెండు యాంగిల్ కాక్‌లు, అంటే కుళాయికి వచ్చే నీళ్లను కట్టేసే చిన్న వాల్వ్‌లు, ఉంటాయి. ఒకదాన్ని కట్టేసి చూడండి. చుక్క ఆగితే లీకు ఆ వైపుది. ఆగకపోతే అది తెరిచి రెండోది కట్టండి. దీంతో అనవసరంగా రెండో వైపు విప్పే పని తప్పుతుంది.

మీ కుళాయి ఏ రకం

కుళాయిని విప్పకుండానే, తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పూర్తిగా తెరవడానికి రెండు మూడు చుట్లు తిప్పాల్సి వస్తే, కట్టేటప్పుడు చివర్లో మెత్తగా నొక్కుకున్నట్టు అనిపిస్తే, అది వాషర్ ఉన్న పాత రకం. పావు చుట్టులోనో అర చుట్టులోనో టక్కున తెరుచుకుని గట్టిగా ఆగిపోతే లోపల సిరామిక్ బిళ్లలున్న స్పిండిల్ ఉంటుంది. ఒకే లివర్‌ను పైకెత్తి నీళ్లు వదిలి, పక్కలకు తిప్పి వేడి, చల్లదనం కలుపుకునేదైతే సింగిల్ లివర్ మిక్సర్. దాంట్లో కార్ట్రిడ్జ్ ఉంటుంది. లీకయ్యే తీరు మూడింటికీ దాదాపు ఒకటే కానీ రిపేరు వేరువేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సైజు మార్చుకునే పానా ఒకటి, ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల సెట్టు (సింగిల్ లివర్‌కు ఎక్కువగా 2.5 మిల్లీమీటర్లది పనికొస్తుంది), ప్లయర్, పాత టూత్‌బ్రష్, తెల్ల వెనిగర్, నాలుగైదు పాతగుడ్డలు, టార్చి, టెఫ్లాన్ టేప్. రబ్బరు భాగాలకు రాయడానికి తాగునీటికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు తీసుకోండి. బండికి వాడే గ్రీజు, పెట్రోలియం జెల్లీ రాయొద్దు. కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడిపోతుంది. పైగా ఆ నీళ్లతోనే మనం వండుకుంటాం, తాగుతాం.

వాషర్‌ని, కార్ట్రిడ్జ్‌ని అంచనా మీద ముందే కొని పెట్టుకోవద్దు. పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి తెచ్చుకోవడమే సరైన పద్ధతి. కాబట్టి షాపు తెరిచి ఉండే పగటిపూట, ఇంట్లో నీళ్ల అవసరం తక్కువగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. రెండు బకెట్ల నీళ్లు పక్కన పట్టి ఉంచితే టెన్షన్ ఉండదు.

నీళ్లు ఆపడం

సింక్ కింద యాంగిల్ కాక్‌ను గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పి కట్టేయండి. వేడి నీళ్ల లైన్ కూడా ఉంటే గీజర్ స్విచ్ ఆపి, ఆ వైపు కాక్ కూడా కట్టేయండి. తర్వాత కుళాయి పూర్తిగా తెరిచి లోపల మిగిలిన నీరు పోనివ్వండి. ఒకటి రెండు నిమిషాల తర్వాత కూడా సన్నటి ధార వస్తూనే ఉంటే యాంగిల్ కాక్ సరిగా మూసుకోవడం లేదని అర్థం. అప్పుడు ఇంటి మెయిన్ వాల్వ్ కట్టాల్సిందే.

ఏళ్ల తరబడి ముట్టుకోని కాక్ బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని పానా పెట్టి బలంగా తిప్పితే లోపలి కాడ విరగొచ్చు. అప్పుడు నీళ్లు ఆపే దారే లేకుండా పోతుంది. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగి, కొంచెం అటు కొంచెం ఇటు కదుపుతూ రండి. కదలకపోతే వదిలేసి మెయిన్ వాల్వ్ కట్టుకోండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, అది తిరుగుతోందో లేదో తెలియకుండా మాత్రం కుళాయి విప్పొద్దు.

సింక్ రంధ్రాన్ని గుడ్డతో మూసేయండి. చేతిలోంచి జారిన చిన్న స్క్రూ సరిగ్గా అక్కడికే పోతుంది. ఒక తువ్వాలు పరిచి, విప్పిన వస్తువులను విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోండి. ఒక్కోటి విప్పే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు అదే దారి చూపిస్తుంది.

వాషర్ రకం కుళాయి

హ్యాండిల్ మీద ఎరుపో నీలమో రంగు బిళ్ల ఉంటే దాన్ని సన్నటి చాకు మొనతో పక్క నుంచి మెల్లగా లేపండి. కింద స్క్రూ కనిపిస్తుంది. అది విప్పి హ్యాండిల్‌ను నిటారుగా పైకి లాగండి. నీటిలోని ఉప్పు పేరుకుని హ్యాండిల్ పట్టేసి ఉంటే, వేడి నీళ్లలో ముంచిన గుడ్డను కాసేపు చుట్టి ఉంచి, తర్వాత అటూ ఇటూ కదుపుతూ లాగితే వస్తుంది. సుత్తితో కొట్టకండి.

హ్యాండిల్ తీశాక స్పిండిల్ కాడ, దాని చుట్టూ ఒక నట్టు కనిపిస్తాయి. ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిన్న జాగ్రత్త ఉంది. స్పిండిల్ విప్పే ముందు కుళాయిని సగం తెరిచిన స్థితిలో ఉంచాలి. హ్యాండిల్‌ను కాడ మీద ఊరికే పెట్టి తిప్పితే సరిపోతుంది. మూసి ఉన్న స్థితిలో విప్పినా బిగించినా వాషర్ కింది అంచుకు ఒత్తుకుని రాసుకుపోతుంది, కొత్త వాషర్ అయితే బిగించేటప్పుడే చిరిగిపోతుంది.

ఇప్పుడు స్పిండిల్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టుకు గుడ్డ చుట్టి పానా పెట్టండి. రెండో చేత్తో కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకోండి. నట్టుతోపాటు కుళాయి ఒళ్లు కూడా తిరిగితే వెనక పైపు జాయింటు వదులవుతుంది. గోడకు బిగించిన కుళాయిల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ లీకు గోడ లోపల మొదలవుతుంది. నట్టు విడివడ్డాక స్పిండిల్ మొత్తం బయటికి వస్తుంది. దాని అడుగున చిన్న నట్టుతోనో స్క్రూతోనో పట్టించి ఉన్న నల్ల రబ్బరు బిళ్లే వాషర్.

దాన్ని విసిరేయకుండా వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూడండి. కొత్త వాషర్ ముఖం నున్నగా, చదునుగా ఉంటుంది. పాతదాని మీద గుండ్రటి గాడి పడి ఉంటుంది. గాడి చుట్టూ ఒకే లోతులో ఉంటే అది మామూలు అరుగుదల. ఒక పక్కే లోతుగా ఉంటే వాషర్ సమానంగా కూర్చోవడం లేదు, కాబట్టి కాడ వంగిందేమో చూడాలి. గాడికి అడ్డంగా సన్నటి గాటు ఒకటి తెగి ఉంటే తప్పు వాషర్‌ది కాకపోవచ్చు. కింద ఇత్తడి అంచు మీద గీత పడి ఉండొచ్చు, అదే వాషర్‌ని కోస్తూ ఉండొచ్చు. గోరుతో నొక్కితే దిగకుండా ప్లాస్టిక్‌లా గట్టిపడిన వాషర్ పైకి బాగానే కనిపించినా నీటిని ఆపలేదు.

కొత్త వాషర్ బయటి కొలత, మధ్య రంధ్రం, మందం మూడూ పాతదానితో సరిపోవాలి. వంటింటి కుళాయిలు మామూలుగా అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల సైజులో ఉంటాయి. షాపులో ఆ మాట చెప్పినా నమూనా మాత్రం చూపించాల్సిందే. వేడి నీళ్ల వైపుకైతే వేడికి తట్టుకునే రకం అడిగి తీసుకోండి. షాపు మూసి ఉండి ఆ రాత్రికి గడవాలంటే పాత వాషర్‌నే తిరగేసి నున్నటి వైపు కిందకి వచ్చేలా పెట్టొచ్చు. అది తాత్కాలికం మాత్రమే.

వాషర్ మార్చే ముందు టార్చి వేసి కుళాయి లోపలికి చూడండి. అడుగున గుండ్రంగా పైకి లేచిన ఇత్తడి అంచు కనిపిస్తుంది. దాన్ని సీటు అంటారు. గుడ్డతో తుడిచి చిటికెన వేలితో మెల్లగా తడమండి. నున్నగా ఉంటే అదృష్టమే. గరుకుగా, గుంటలుగా తగిలితే ఎంత మంచి వాషర్ వేసినా కొద్ది రోజుల్లో మళ్లీ కారుతుంది. సన్నటి సందులోంచి వేగంగా దూసుకుపోయే నీరు ఇత్తడిని కూడా కోసేస్తుంది. లీకును నెలల తరబడి అలాగే వదిలేస్తే వచ్చే అసలు నష్టం ఇదే. గరుకు కొద్దిగానే ఉంటే సీటును అరగదీసి చదును చేసే చిన్న చేతి పనిముట్టు ఒకటి దొరుకుతుంది. దాన్ని లోపల పెట్టి, ఎక్కువ నొక్కకుండా, నాలుగైదు చుట్లు తిప్పి చూస్తూ ఉండాలి. మెరిసే చదునైన అంచు చుట్టూ వచ్చిందంటే చాలు. తర్వాత ఇత్తడి పొడి మిగలకుండా కడిగేయాలి. కొన్ని కుళాయిల్లో సీటు విడిగా విప్పి మార్చుకునేలా ఉంటుంది. మధ్యలో ఆరు పలకల లేదా నలుచదరపు రంధ్రం కనిపిస్తే అది ఆ రకమే.

తిరిగి బిగించే ముందు స్పిండిల్ మరల మీద పేరుకున్న సున్నం బ్రష్‌తో తీసేసి, కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. స్పిండిల్ సగం తెరిచిన స్థితిలోనే ఉండాలి, మర్చిపోవద్దు. మొదట చేత్తో నాలుగైదు మరలు తేలిగ్గా ఎక్కాలి. మొదటి మరలోనే బిగుతుగా అనిపిస్తే అది అడ్డంగా ఎక్కుతోంది. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. చేత్తో బిగుతయ్యాక పానాతో కొంచెం తిప్పితే సరిపోతుంది.

హ్యాండిల్ కింద నుంచి ఊరే లీకైతే ఇంత దూరం రానక్కర్లేదు. కాడ చుట్టూ ఉండే చిన్న గ్లాండ్ నట్టును చుట్టులో ఎనిమిదో వంతు బిగించి చూడండి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. కుళాయి తిప్పడానికి బిరుసెక్కితే కొద్దిగా వెనక్కి వదలండి. బిగించినా ఆగకపోతే నీళ్లు కట్టేసి ఆ నట్టు విప్పి, లోపలి పాత ప్యాకింగ్ తీసేసి, టెఫ్లాన్ దారాన్ని కాడ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి నట్టుతో నొక్కాలి. దారం దొరకకపోతే టెఫ్లాన్ టేపునే పురి పెట్టి దారంలా చేసి వాడొచ్చు. ప్యాకింగ్ బదులు ఓ-రింగ్ ఉన్న స్పిండిలైతే అదే సైజు కొత్తది వేయాలి.

పావు చుట్టు కుళాయి

దీంట్లో రబ్బరు వాషర్ బదులు ఒకదాని మీద ఒకటి జారే రెండు సిరామిక్ బిళ్లలు ఉంటాయి. వాటి రంధ్రాలు ఎదురెదురుగా వస్తే నీరు పారుతుంది, తప్పుకుంటే ఆగుతుంది. బిళ్లలు అంత త్వరగా అరగవు. వాటి మధ్య ఇసుక రేణువు ఇరుక్కోవడం, సున్నం పేరుకోవడం, అడుగున ఉండే మెత్తటి రబ్బరు సీలు గట్టిపడిపోవడం, లీకుకు ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి. అందుకే స్పిండిల్ విప్పగానే మార్చేయకుండా ముందు శుభ్రం చేసి చూడండి.

హ్యాండిల్ తీయడం, నట్టు విప్పడం పైన చెప్పినట్టే. బయటికి తీసిన స్పిండిల్‌ను అరగంట వెనిగర్‌లో ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడగండి. వెనిగర్ వాడిన చోట బ్లీచింగ్ ఉన్న క్లీనర్ ఏదీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. అడుగున సీలు నలిగి ఉంటే అదొక్కటే దొరికినా మార్చుకోవచ్చు. బిళ్ల మీద గీత గానీ పగులు గానీ కనిపిస్తే స్పిండిల్ మొత్తం మార్చాలి. వాటిని సరిచేసే మార్గం లేదు.

కొత్తది కొనేటప్పుడు మూడు చూసుకోండి: మొత్తం పొడవు, మర సైజు, హ్యాండిల్ కూర్చునే చోట కాడ మీదున్న పళ్ల సంఖ్య. పళ్లు తేడా వస్తే మీ హ్యాండిల్ దాని మీద కూర్చోదు. ఇంకోటి, తిరిగే దిశ. రెండు హ్యాండిళ్ల మిక్సర్‌లో ఒక వైపుది ఒక దిశలో, రెండో వైపుది ఎదురు దిశలో మూసుకునేవి ఉంటాయి. దిశ మారితే కుళాయి పనిచేస్తుంది కానీ వదిలే వైపు తిప్పితే మూసుకుంటుంది, మూసే వైపు తిప్పితే వదులుతుంది.

సింగిల్ లివర్ మిక్సర్

లివర్ ముందు గానీ వెనక గానీ చిన్న ఎరుపు-నీలం బిళ్ల ఉంటుంది. దాన్ని లేపితే లోపల అలెన్ కీ పట్టే బుల్లి స్క్రూ కనిపిస్తుంది. ఆ స్క్రూను పూర్తిగా బయటికి తీయక్కర్లేదు, వదులైతే లివర్ పైకి వచ్చేస్తుంది. దాని కింద నున్నటి గుండ్రటి మూత. ఎక్కువగా చేత్తోనే తిరుగుతుంది. పట్టు దొరక్కపోతే రబ్బరు గ్లవ్ వేసుకుని తిప్పండి, ప్లయర్ పెడితే మెరుగు మీద గాట్లు పడతాయి. మూత తీశాక కార్ట్రిడ్జ్‌ను నొక్కి ఉంచే పెద్ద నట్టు వస్తుంది. అది పానాతో విప్పి, కార్ట్రిడ్జ్‌ను తిన్నగా పైకి లాగండి.

లాగే ముందు అది ఏ దిశలో కూర్చుని ఉందో ఫోటో తీయడం తప్పనిసరి. కార్ట్రిడ్జ్ అడుగున రెండు చిన్న బొడిపెలు ఉంటాయి. కుళాయి లోపల వాటికి సరిపడే గుంటలుంటాయి. కొత్తది పెట్టేటప్పుడు ఆ బొడిపెలు గుంటల్లో కూర్చున్నాయని చేతికి తెలియాలి. కార్ట్రిడ్జ్ అటూ ఇటూ తిరక్కుండా స్థిరంగా ఉండాలి. పైపైన కూర్చోబెట్టి నట్టు బిగించేస్తే బొడిపెలు విరిగి, కొత్త కార్ట్రిడ్జ్ కూడా మొదటి రోజు నుంచే కారుతుంది.

వీటిలో 35, 40 మిల్లీమీటర్ల వ్యాసం సైజులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండింటికీ తేడా కంటితో చూస్తే అంతగా తెలియదు. అడుగున మూడు రంధ్రాలు (వేడి నీళ్లు వచ్చేది, చన్నీళ్లు వచ్చేది, కలిసి బయటికి పోయేది) ఉన్న తీరు, లివర్ తగిలించే కాడ ఎత్తు కూడా పోల్చుకోవాలి. కొత్తది పెట్టే ముందు కుళాయి లోపలి అడుగును గుడ్డతో తుడవండి. అక్కడ మిగిలిన ఒక్క సున్నం పలుకు చాలు, రబ్బరు సీలు పూర్తిగా ఆనకుండా చేయడానికి.

నట్టు ఎంత బిగించాలన్నది చేతికి రావాల్సిన విషయం. వదులుగా ఉంటే కార్ట్రిడ్జ్ కింద నుంచి నీరు తప్పించుకుని హ్యాండిల్ దగ్గర ఊరుతుంది. మరీ బిగిస్తే లివర్ బిరుసెక్కి కదలదు. బిగించాక లివర్‌ను ఊరికే తగిలించి కదిపి చూసి, సాఫీగా తిరుగుతుంటేనే మూత పెట్టండి.

గొట్టం మొదట్లో ఊరుతుంటే

తిరిగే గొట్టం కింద ఒకటో రెండో ఓ-రింగులు ఉంటాయి. గొట్టం అడుగున రింగులాంటి నట్టో, వెనక వైపు చిన్న స్క్రూనో విప్పి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తుంది. పాత ఓ-రింగులను పళ్లు కుట్టుకునే పుల్లతో తీయండి. చాకుతో తీస్తే గాడిలో గీత పడుతుంది, ఆ గీతలోంచే మళ్లీ నీరు వస్తుంది. గాడి శుభ్రం చేసి, కొత్తవాటికి గ్రీజు రాసి, మెలి పడకుండా కూర్చోబెట్టండి. గ్రీజు లేకుండా పొడిగా వేసిన ఓ-రింగ్ గొట్టం దిగేటప్పుడే నలిగిపోతుంది.

సింక్ కింద తడి

కనెక్షన్ పైపుల రెండు చివర్లా కాగితం ఆనించి చూడండి. ఈ పైపుల నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. నీటిని ఆపేది ఆ వాషరే కాబట్టి మరల మీద టెఫ్లాన్ టేప్ చుట్టాల్సిన పని లేదు. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. పైపు మీది స్టీలు అల్లిక తెగినా, ఎక్కడైనా ఉబ్బినా ఆ రోజే మార్చేయండి. మూతి దగ్గర కారితే నీరు సింక్‌లోకే పోతుంది, ఈ పైపు పగిలితే మాత్రం ఇల్లంతా నీళ్లవుతుంది.

గోడలోకి మరతో బిగించే కుళాయికైతే టేప్ కావాలి. మర చివర మీ వైపు పెట్టుకుని, గడియారపు ముల్లు దిశలో, లాగి పట్టి చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేప్ ఊడి ముద్దయిపోతుంది.

నీళ్లు వదిలి చూడటం

కుళాయిని తెరిచి ఉంచి, ఆ తర్వాతే యాంగిల్ కాక్‌ను నిదానంగా తిప్పండి. కట్టి ఉన్న కుళాయిలోకి ఒక్కసారిగా నీరు వదిలితే పైపులో చిక్కుకున్న గాలి ఒత్తిడికి సిరామిక్ బిళ్ల పగిలే అవకాశం ఉంది. మూతి దగ్గరి జల్లెడ బిళ్లను ముందే విప్పేసి, ఒక నిమిషం నీళ్లు ధారగా పోనివ్వండి. రిపేరులో ఊడిన తుప్పు, సున్నం, టేపు ముక్కలు అన్నీ బయటికి పోతాయి. అప్పుడు బిళ్ల బిగించి, కుళాయి కట్టేసి, మళ్లీ అంతా తుడిచి కాగితం పరీక్ష చేయండి. గంట తర్వాత ఒకసారి, తెల్లారి లేచాక ఒకసారి చూడండి. రాత్రివేళ వాడకం తగ్గి పైపుల్లో ఒత్తిడి పెరిగే ఇళ్లు చాలా ఉంటాయి. పగలు ఆగిన లీకు కొన్నిసార్లు రాత్రే బయటపడుతుంది.

వాషర్ కొత్తదే అయినా కారుతోందంటే సీటు మళ్లీ చూడండి, లేదా వాషర్ మందం తేడా ఉందేమో చూడండి. కార్ట్రిడ్జ్ కొత్తదే అయినా కారుతుంటే విప్పి, అడుగున చెత్త ఉందేమో, బొడిపెలు సరిగా కూర్చున్నాయో లేదో పరీక్షించండి. ఇంట్లో అన్ని కుళాయిలూ తరచూ కారుతుంటే, కట్టినప్పుడు పైపులు దడదడమంటుంటే నీటి ఒత్తిడి ఎక్కువగా ఉందని అనుమానించాలి. అప్పుడు ఒక్క కుళాయి బాగుచేసి లాభం లేదు, మెయిన్ లైన్‌లో ఒత్తిడి తగ్గించే వాల్వ్ పెట్టించాలి.

ఎక్కడ ఆగాలి

నట్టుకు పానా వేసి తిప్పుతుంటే కుళాయితోపాటు గోడలోని పైపు కూడా కదులుతోందా? అక్కడే ఆపేయండి. కుళాయి ఒంటి మీద సన్నటి పగులు కనిపించినా, మరలు అరిగి నట్టు పట్టు దొరక్క ఊరికే తిరుగుతున్నా, సీటు లోతుగా తిని పోయినా ఇక రిపేరు మీద ఖర్చు పెట్టొద్దు, కుళాయి మార్చడమే మంచిది. మీరే మార్చలేకపోతే ప్లంబర్‌ను పిలిచేటప్పుడు ఫోన్‌లోనే మూడు సంగతులు చెప్పండి: కుళాయి ఏ రకం, నీరు సరిగ్గా ఎక్కడి నుంచి వస్తోంది, యాంగిల్ కాక్ పనిచేస్తోందా లేదా. మీరు తీసిన ఫోటోలు పంపి, విప్పిన పాత వాషర్‌నో కార్ట్రిడ్జ్‌నో కవరులో వేసి ఉంచితే, ఆయన కావాల్సిన సామాను వెంట తెచ్చుకుని ఒక్క రాకలోనే పని ముగించగలుగుతారు.